ఐదు డిగ్రీల ఊరు

మా గుల్లలపేటలో ఎండ లేదని ప్రభుత్వం వారు తేల్చిన కాగితం నాకు అందేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పుడు నేను ఉప్పు మడిలో ఉన్నాను. తలకి తడిగుడ్డ చుట్టుకుని, చెక్కపలకతో ఉప్పుని గట్టు దగ్గరికి లాగుతున్నాను. పోస్టుమాన్ గట్టు మీద నిలబడలేక ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ కవరు అందించాడు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆఫీసు తెలుగు ఒకటికి రెండుసార్లు చదివితే అర్థమవుతుంది. అందులో ఇలా ఉంది: "సదరు గ్రామపు సగటు ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలుగా నమోదైనందున, అచట సూర్యరశ్మితో ఉప్పు తయారగుట శాస్త్రరీత్యా అసాధ్యము. కావున దరఖాస్తుదారుడు ఇంతకాలము ఉప్పు తయారుచేయనట్లుగా భావించి, అనుమతి పునరుద్ధరణ తిరస్కరించడమైనది."

మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. కింద ఇంకో పేరా ఉంది. అది చదివాక రాలేదు. నా పదకొండు మడులూ మే నెలాఖరుకి ఖాళీ చేసి, ప్రత్యేక నార పంట రెండో విడతకి అప్పగించాలట. మడులు పూడ్చడానికి మట్టి ప్రభుత్వమే తోలిస్తుందట.

ఆ మడులు మా తాత తవ్వినవి. పైగా వాటికి ఒక మొక్కు కూడా ఉంది. వైశాఖంలో నరసింహ జయంతి నాడు మా ఊరి స్వామికి చేసే పులిహోరలో మా మడి ఉప్పే పడాలి, వేరే ఉప్పు వంటశాలలోకి రాకూడదు. తాత మొక్కాడు, నాన్న నడిపాడు, నేను నడుపుతున్నాను. ఇన్నేళ్లలో ఉప్పు తక్కువైందని గానీ ఎక్కువైందని గానీ స్వామి అనలేదు.

ఇంటికెళ్లి కాగితం మా ఆవిడ దాలమ్మకి చదివి వినిపించాను. ఆవిడ విసనకర్ర ఆపకుండా విని, "అయితే రేపట్నించి దుప్పటి కప్పుకుని ఎల్లండి" అంది.

ఈ ఐదు డిగ్రీలు మా ఊరికి ఎలా వచ్చాయో చెప్పాలి. ఇందులో ఎవరి మోసమూ లేదు. అదే అసలు చిక్కు.

రెండేళ్ల కిందట పెద్దవారెవరో ఏదో చల్లటి దేశానికి వెళ్లారు. అక్కడ సముద్రం ఒడ్డున, పొగమంచులో, జల్లులో, గంజాయి పైర్లు పచ్చగా ఊగుతుంటే చూశారు. మత్తు లేని రకం. నారకీ గుడ్డకీ పనికొస్తుందట. వస్తూ వస్తూ అక్కడివాళ్లు రాసుకున్న పుస్తకం ఒకటి తెచ్చారు. చల్లని, తేమగల సముద్రతీరాల్లో ఈ పంట ఎలా పండించాలో అందులో ఉంది. మనకీ తీరం ఉంది, తేమా ఉంది, మూడింట రెండు కుదిరాయి కాబట్టి మూడోది వెతికితే దొరుకుతుందన్నారు. అలా "శీతల తేమ తీర ప్రత్యేక నార పంట మండలి" పుట్టింది. గంజాయి అన్న మాట మాత్రం ఎవరూ అనకూడదు, ప్రత్యేక నార అనాలి.

మూడోది వెతకడానికి తీరంలో ఊరూరికీ వేడి కొలిచే గొట్టం ఒకటి పంపారు. దాంతో నియమాలు వచ్చాయి. గొట్టం ప్రభుత్వ భవనంలో ఉండాలి. దాని మీద ఎండ పడకూడదు. తలుపుకి తాళం ఉండాలి. మా ఊళ్లో బడికి తాళం లేదు. పంచాయతీ ఆఫీసుకి తుపానులో కప్పు పోయింది. కప్పూ తాళమూ రెండూ ఉన్న ప్రభుత్వ భవనం ఒక్కటే, రేవు దగ్గర చేపలు దాచే ఐసు గది. గొట్టం అక్కడ తగిలించారు. ఐసు గది కాపలాదారు తవిటయ్య ఏడాది పాటు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి తలుపు తీసి, చూసి, పుస్తకంలో రాశాడు. నాలుగు, ఐదు, ఐదు, ఆరు, ఐదు. ఒక్క రోజు మానలేదు. తీరం మొత్తం మీద అంత నిజాయితీగా రాసిన పుస్తకం ఇంకోటి లేదని అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

కాగితం అందిన సాయంత్రమే తవిటయ్య దగ్గరికి వెళ్లాను. అతను నాకు వరసకి మేనల్లుడు. ఐసు గదిలో ఉన్న గొట్టం ఐసు సంగతి చెబుతుంది గానీ ఊరి సంగతి ఎలా చెబుతుంది, ఆ మాట పుస్తకంలో ఓ మూల రాయకపోయావా అని అడిగాను.

"సూసి రాయమన్నారు మావా. ఆలోసించి రాయమన్నేదు."

అతన్ని తప్పు పట్టలేకపోయాను.

నా మడుల పక్కన బంజరులో మొదటి విడత పైరు అప్పటికే వేసి ఉంది. పుష్యమాసంలో ఎనిమిది వందల మొక్కలు నాటారు. ఒక్కో మొక్కకి ఒక నంబరు బిళ్ల. కాపలాకి గురువులు అనే ఆబ్కారీ కానిస్టేబులు. అతని ఉద్యోగం ఇరవై ఏళ్లూ గంజాయి మొక్క పీకడంలోనే గడిచింది. ఇప్పుడు నీళ్లు పొయ్యమన్నారు. చేతులు అలవాటు తప్పడం లేదని, మొక్క కనబడగానే కుదురు దగ్గరికే పోతున్నాయని నాతో చెప్పి బాధపడ్డాడు.

పుస్తకం ప్రకారం తేమ తీరంలో ఈ పంటకి మొదటి శత్రువు మంచు. పూత మీద తడి నిలిస్తే బూజు పడుతుంది. అందుకని తెల్లారగానే ఒక్కో మొక్కనీ మెల్లగా పట్టుకుని దులపాలి. గురువులు యూనిఫాంలో వంగి ఎనిమిది వందల మొక్కలూ దులిపేవాడు. అటు దారిన పోయేవాళ్లు ఆగి, "ఏటి గురువులు బావు, పిల్లలకి తల దువ్వుతన్నారా" అనేవారు. చలిదేశపు విత్తనానికి మన పగటి లెక్క అర్థం కాలేదు కాబోలు, జానెడు ఎత్తుకే పూతకొచ్చేసింది. పుస్తకంలో ఆరడుగులని ఉంది. తవిటయ్య మేక ఒకటి వచ్చి నలభై రెండో నంబరు నుంచి నలభై ఐదు దాకా తినేసింది. దాని కడుపులో ప్రభుత్వ ఆస్తి ఉందని పంచనామా రాసి రెండు రోజులు కట్టేశారు. ఆస్తి బయటికొచ్చాక వదిలేశారు.

మండలి ప్రత్యేక అధికారి పేరు శేషశయనం గారు. పెద్ద చదువు చదివిన మనిషి, మాట మెత్తన. కాగితం అందిన మర్నాడు బుట్టెడు ఉప్పు నెత్తిన పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. అప్పట్లో ఆయన ఆఫీసు రేవు దగ్గర రేకుల షెడ్డులో ఉండేది. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది, మీసాల మీద చెమట బొట్లు. నేను ఉప్పు కింద పెట్టి, అయ్యా, ఎండ లేకపోతే ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను.

ఆయన వంగి బుట్టలోకి చాలాసేపు చూశారు. "తెల్లగా ఉంది. అంతవరకు నేను రాయగలను" అన్నారు.

తమకీ చెమట పడుతోంది కదండీ అన్నాను.

"జగన్నాయకులూ, చెమట వ్యక్తిగతం. ఉష్ణోగ్రత ప్రభుత్వపరం. రెండూ కలపకూడదు."

నాకు కోపం రాలేదు. అంత పెద్దమనిషి ఊరికే అలా అనరు కదా, నాకు తెలియనిదేదో ఉందేమో అనుకున్నాను. ఒక్కసారి వచ్చి ఆ గొట్టం ఎక్కడుందో చూడమని బతిమాలాను. తమ కళ్లతో చూస్తే తమకే తెలుస్తుందన్నాను. నిజం చూపిస్తే చాలు, మిగతాది అదే చేసుకుంటుందని నా నమ్మకం. ఆయన ఒప్పుకున్నారు. రావడం చాలా మంచి మనసుతో వచ్చారు.

తవిటయ్య తలుపు తీశాడు. శేషశయనం గారు లోపలికి వెళ్లారు. చుట్టూ ఐసు దిమ్మలు, వంజరం చేపలు. గోడకి గొట్టం. ఆయన ఒక నిమిషం నిలబడ్డారు, రెండు నిమిషాలు నిలబడ్డారు. చేతులు రుద్దుకున్నారు. పళ్లు టకటకలాడుతుండగా బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఐదు కాదయ్యా. నాకైతే మూడే అనిపించింది."

బయట ఇంత ఎండ ఉంది కదండీ అన్నాను. గది వెలుపల కొన్ని స్థానిక పరిస్థితులు ఉండవచ్చని, అవి విధానాన్ని ప్రభావితం చేయజాలవని చెప్పారు. ఆ సాయంత్రమే బల్లా కుర్చీ ఐసు గదిలోకి మార్పించుకున్నారు. క్షేత్రస్థాయి పరిస్థితుల మధ్య ఉండి పని చేయడమే తన పద్ధతి అన్నారు. ఆ రోజు నుంచి స్వెట్టరు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, చేపల మధ్య కూర్చుని ఆయన సంతకం పెట్టిన కాగితాల్లో అబద్ధమంటూ ఒక్కటీ లేదు. అక్కడ కూర్చుని చూస్తే మా ఊరు నిజంగా చలిగానే ఉంటుంది.

ఇక ఆర్డర్లు మొదలయ్యాయి. చైత్రం వచ్చేసరికి ఇంటింటికీ రెండేసి రగ్గులు పంచారు. దాలమ్మ ఒకటి పొయ్యి దగ్గర మసిగుడ్డకి చించింది, ఒకటి గేదె కింద పరిచింది. గేదె కూడా లేచి పక్కకి పోయింది. బడికి ఎండాకాలపు ఒంటిపూట తీసేసి, పొద్దెక్కి వెచ్చబడ్డాకే పిల్లల్ని రమ్మన్నారు. చలి ప్రాంతంలో పంకాలు అనవసర వ్యయమని బడిలోవీ గుడిలోవీ విప్పి పట్టుకెళ్లి, పూతకి గాలి తగిలితే బూజు పట్టదు కాబట్టి గంజాయి మొక్కల మధ్య పెట్టారు. జానెడు మొక్కలు గాలికి హాయిగా తలలూపుతుంటే, వాటి పక్కన గురువులు టోపీతో విసురుకునేవాడు.

శ్రీరామనవమికి వచ్చిన ఆర్డరు మాత్రం నన్ను బాధపెట్టింది. శీతల ప్రాంతంలో చల్లని పానీయాల వల్ల ప్రజారోగ్యానికి ముప్పు కాబట్టి పానకం వేడిగా పంచాలన్నారు. మేము వేడి పానకం తాగాం. మిరియాలూ బెల్లమూ పొగలు కక్కుతుంటే ఆ ఎండలో పందిట్లో నిలబడి తాగి, రాముడికి దణ్ణం పెట్టుకున్నాం. మర్నాడు స్వామికి చందనం పూయడం ఆపి శాలువా కప్పాలని ఇంకో కాగితం వచ్చింది. అర్చకులు శ్రీరంగాచార్యులు గారు శాలువా మడత పెట్టి స్వామి పాదాల దగ్గర ఉంచారు. కప్పలేదు, తీసేయలేదు. స్వామికి కావాలనిపిస్తే ఆయనే కప్పుకుంటాడన్నారు.

నా సంగతి అలాగే ఉంది. ఐసు గదికి ఏడుసార్లు తిరిగాను. వెళ్లినప్పుడల్లా శేషశయనం గారు నా విజ్ఞాపన పరిశీలనలో ఉందనేవారు, పాపం ముక్కు చీదుకుంటూ. గొట్టాన్ని ఒక్కరోజు బయట తగిలిద్దామా అని తవిటయ్య నాతో గుసగుసగా అన్నాడు. తాళం అతని దగ్గరే ఉంది. పని పావుగంట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గొట్టం బయట పెడితే నిజమే చెబుతుంది కదా, అది మోసమెలా అవుతుందనిపించింది. దొంగతనంగా చెప్పించిన నిజం స్వామి ముందు నిలబడుతుందా అని కూడా అనిపించింది. తెల్లారి వద్దన్నాను. దాలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మడులు పోయాక ఈ మంచితనం ఏటి కొలుస్తారు" అంది.

ఏప్రిల్ ఆఖరుకి మట్టి లారీలు వచ్చి గట్టు పక్కన కుప్పలు పోశాయి. మే రెండో వారానికి మేక తినగా మిగిలిన మొక్కలన్నీ పోయాయి. సముద్రపు గాలి తేమకి పూత అంతా బూడిదరంగు బూజు పట్టింది, ఆకులు ఎండకి మాడాయి. పైన మాడి లోపల కుళ్లిన పైరుని నేను అంతకుముందు చూడలేదు. గురువులు ఒక్కో మొక్కా పీకి నంబరు ప్రకారం పేర్చాడు. చాలా రోజులకి అతని మొహంలో కళ కనిపించింది.

నష్టం ఎందుకు వచ్చిందో తేల్చడానికి రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తుందన్నారు. నరసింహ జయంతికి నాలుగు రోజుల ముందు వచ్చారు. ముగ్గురు. ఫైలు చదివి వచ్చిన మనుషులు కాబట్టి ముగ్గురూ ఉన్ని కోట్లు తొడుక్కుని కారు దిగారు. దిగగానే ఒకాయన కళ్లు తిరిగి, మళ్లీ కారెక్కాడు. మిగిలినవాళ్లు బృందం అధ్యక్షుల వారు, ఒక కుర్ర అధికారి. శేషశయనం గారు మఫ్లరు సర్దుకుంటూ ఎదురెళ్లారు. ఐసు గది నుంచి ఎండలోకి వచ్చేసరికి ఆయన రంగు మారిపోయింది. అన్నాళ్లకి మొదటిసారి ఆయన ఆకాశం వైపు చూడటం నేను చూశాను.

పైరు చూశారు. ఫైల్లో చలి, చేలో మాడిన ఆకులు. అప్పుడు అధ్యక్షుల వారి చూపు పక్కకి తిరిగి నా మడుల మీద పడింది. పదకొండు మడుల్లోనూ ఆ రోజు ఉప్పు నిండుగా తేలి ఉంది. కళ్లు చెదిరే తెలుపు.

"ఆ తెల్లటిది ఏమిటి?"

శేషశయనం గారు మఫ్లరు ముడి విప్పి మళ్లీ వేసుకున్నారు. ఉప్పంటే ఎండ ఉన్నట్టు. ఎండ ఉంటే నా మడులు ఉంటాయి, ఆయన ఉద్యోగం ఉండదు. నేను స్వామిని తలుచుకుని, ఆయన ఏమైనా కానీ అడిగినదానికి నిజం చెప్పాలనుకుని, "ఉప్పండి" అన్నాను.

అధ్యక్షుల వారు నా వంక చూడలేదు. ఫైలు తెరిచి, ఐదు డిగ్రీలు అన్న చోట వేలు పెట్టి, మళ్లీ మడుల వంక చూశారు. "ఐదు డిగ్రీల దగ్గర ఉప్పు తయారు కాదని ఈ ఆఫీసే రాతపూర్వకంగా తేల్చింది. అప్పుడిది ఉప్పు ఎలా అవుతుంది?"

కుర్ర అధికారి వంగి ఒక పలుకు తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పగానే ఉంది సార్."

"సముద్రం పక్కన పడిన మంచు ఉప్పగా కాక తియ్యగా ఉంటుందా?"

అని అధ్యక్షుల వారు తానే ఒక గడ్డ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఎండ నెత్తి మీద ఉంది. ఆయన కోటు చేతిలోంచి చెమట కారి మణికట్టు దాకా వచ్చింది. మేమంతా ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాం. రెండు నిమిషాలైంది. ఐదు నిమిషాలైంది.

"కరగడం లేదు. చలి ఎంత తీవ్రంగా ఉందో చూడండి."

శేషశయనం గారు అప్పుడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఆ తర్వాత అన్నీ చకచకా తేలిపోయాయి. పైరు పోయింది హిమపాతం వల్ల. మాడిన ఆకులు మంచు కొట్టినవి. కాబట్టి పథకంలో లోపం లేదు, అధికారిలో లోపం లేదు, పుస్తకంలో అసలే లేదు. పదకొండు మడుల మేర మంచు పేరుకున్న నేల రెండో విడతకి పనికిరాదు. మట్టి లారీలు వెనక్కి పోవాలి. ఆ మంచు పక్క పొలాలకి పాకకుండా ఎప్పటికప్పుడు ఎత్తివేయాలి. అందుకు అనుభవం గల స్థానికుడు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

శేషశయనం గారు నా వైపు చెయ్యి చూపించారు. "ఈయన మూడు తరాలుగా అదే పని చేస్తున్నారండీ."

మూడో రోజుకి కాగితం వచ్చింది. "శ్రీ జగన్నాయకులు గారికి సదరు పదకొండు మడులయందలి హిమమును తొలగించి, తన ఇష్టానుసారము వినియోగించుకొనుటకు శాశ్వత అనుమతి మంజూరు చేయడమైనది." మా తాత కాలం నుంచీ ఉప్పుకి ఎన్నడూ శాశ్వత అనుమతి ఇవ్వలేదు. ఉప్పుకైతే ఐదేళ్లకోసారి తిరగాలి.

ఒక్కటే ఇబ్బంది. రోజూ ఎత్తిన మంచు ఎన్ని బస్తాలో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. మొదటి రోజు "మంచు, నాలుగు బస్తాలు" అని రాసి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అబద్ధం నా నోటితో నేను చెప్పలేదు. అడిగినప్పుడు ఉప్పనే చెప్పాను. సంతకం మాత్రం పెట్టాను. ఈ రెండింటికీ తేడా ఉందో లేదో రోజూ దీపం పెట్టేటప్పుడు అడుగుతున్నాను. ఇంకా తెలియలేదు.

జయంతి నాడు తెల్లవారుజామున స్నానం చేసి, కొత్త బుట్టలో ఉప్పు నింపుకుని, గుడి వంటశాల దగ్గరికి వెళ్లాను. ప్రభుత్వ లెక్కలో ఇది ఉప్పు కాదు, మరి మొక్కు చెల్లినట్టేనా అని ఆచార్యులు గారిని అడిగాను. ఆయన బుట్ట అందుకుని, గుప్పెడు తీసి అన్నంలో చల్లుతూ, ఫైళ్లు చదివే అలవాటు స్వామికి లేదు నాయనా అన్నారు. పంకా లేని గుడిలో స్వామి ఒంటికి ఆ రోజు చందనం నిండుగా పూశారు. శాలువా పాదాల దగ్గరే ఉంది. ప్రసాదం పంచేటప్పుడు శేషశయనం గారు కూడా దొప్ప పట్టుకుని వరసలో నిలబడ్డారు. రెండోసారి కూడా అడిగి పెట్టించుకుని, బాగా కుదిరిందన్నారు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. దాలమ్మ ఆకు వేసి, అన్నం పెట్టి, మామిడికాయ పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది. నేను మొదటి ముద్ద తినేదాకా ఆగింది. నవ్వలేదు.

"పప్పులో మంచు సరిపోయిందా?" అని అడిగింది.

మొహం మీద చెమట తుడుచుకుని, సరిపోయిందన్నాను.